యానాం: ఊరు, చరిత్ర, పురపాలనము

కాకినాడ నుండి తాళ్లరేవు మీదుగా దక్షిణముగా బస్సులో బయలుదేరిన వారికి సుమారు 30 కిలోమీటర్లు పోగానే గోదావరి ఒడ్డున ఒక చిన్న పట్టణము తగులుతుంది. దుకాణముల బల్లల మీద తెలుగే. వీధిలో మాట తెలుగే. చేలలో వరి, గట్ల మీద కొబ్బరి, అంతా గోదావరి సీమ వాలకమే. కాని అక్కడి పోలీసు తల మీద ఎర్ర టోపీ చూచి కొత్తవారు ఒక క్షణము ఆగుతారు. ఆ టోపీ ఫ్రెంచివారి నాటిది. ఆ ఊరి రాజధాని అమరావతి కాదు, సుమారు 870 కిలోమీటర్ల దూరాన తమిళ దేశములో ఉన్న పుదుచ్చేరి. ఆ ఊరే యానాం.

మన పత్రిక చదివే సోదరులలో కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర, ఒడిశాలలో తరతరాలుగా స్థిరపడినవారు ఎక్కువ. వారు తెలుగు గడ్డను విడిచి పరరాష్ట్రమునకు పోయినారు. యానాం వారు ఎక్కడికీ పోలేదు. ఉన్నచోటనే ఉండి తెలుగు గడ్డ నడుమ వేరు ప్రభుత్వము కిందికి వచ్చినారు. ఈ ఊరిని గూర్చి మనవారు తెలిసికొనుటకు రెండు కారణములు కలవు. ఈ ఊరు పరదేశస్థుల కన్ను బడినది నేతబట్ట వలన. రెండవది, పురపాలక వ్యవస్థ ఇంత తొందరగా వచ్చి, ఇంత కాలము నిలిచిపోయిన ఊళ్లు మన దేశములో అరుదు.

ఉనికి, ఎల్లలు

గౌతమీ గోదావరి నుండి కోరింగ పాయ చీలే చోట, గౌతమికి ఉత్తరపు ఒడ్డున యానాం ఉన్నది. సముద్రము ఇక్కడికి సుమారు 9 మైళ్లు, అనగా 14 కిలోమీటర్లు. ఉత్తరమున కాకినాడ జిల్లా, ఏటికి ఆవల కోనసీమ జిల్లా. యానాం ప్రాంతపు మొత్తము విస్తీర్ణము 30 చదరపు కిలోమీటర్లు. అంత చిన్న నేలలోనే నడిమి పట్టణముతో పాటు కనకాలపేట, మెట్టకూరు, ఫరంపేట, గిరియాంపేట, కురసాంపేట, జాంబవాన్‌పేట, అడవిపొలం వంటి పేటలు, పల్లెలు, ఇసుకతిప్ప, దరియాలతిప్ప వంటి లంక గ్రామములు కలవు. కొందరు వరి పండిస్తారు, కొందరు ఏటిమీద, సముద్రము మీద చేపలు పడతారు, కొందరు వర్తకము చేస్తారు.

2001 జనాభా లెక్కలలో ఇక్కడ 31,394 మంది ఉన్నారు. 2011 నాటికి 55,626 మంది అయినారు. పదేండ్లలో నూటికి 77 వంతున పెరుగుదల. నేల మాత్రము అంగుళమైనా పెరగలేదు. ఇండ్లు, మురుగు కాలువలు, మంచినీరు, దారులు అన్నీ ఆ 30 చదరపు కిలోమీటర్లలోనే సర్దుకొనవలెను.

గౌతమి మీద ఎదుర్లంకకు వంతెన లేని రోజులలో కోనసీమకు పోవలెనన్న పడవే గతి. 2002లో తెరచిన ఆ వంతెనకు లోక్‌సభ సభాపతిగా ఉండి ఆ యేడే మరణించిన జి.ఎం.సి. బాలయోగి పేరు పెట్టినారు. వంతెనతో దారి సుగమమైనది గాని, ఏటితో ఊరికి ఉన్న పేచీ తీరలేదు. పైన ధవళేశ్వరము వద్ద వదలిన వరద నీరు సముద్రములో కలియుటకు ముందు ఈ ఊరి గడప తొక్కి పోతుంది. 1986 ఆగస్టు వరద, 2022 జూలై వరద ఇక్కడి వీధులలోనికి వచ్చినవి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుఫాను యానాం, కోనసీమ ప్రాంతముల మీదనే విరుచుకుపడి, ఈ తీరమున వేయికి పైగా ప్రాణములు తీసినది.

బట్ట కొరకు వచ్చిన దొరలు

ఇంత వరద ముప్పు ఉన్న ఒడ్డున పరదేశపు కంపెనీలు ఎందుకు దిగినవి? ఓడ ఏటి మొగలోనికి రాగలదు. ఏటి పాయల వెంట నేత గ్రామములు బారులు తీరి ఉన్నవి. ఆ గ్రామముల బట్టకు విదేశములలో గిరాకీ ఉన్నది. కారణమిదే.

ఫ్రెంచివారు 1723లో యానాములో అడుగుపెట్టినారు. లాభము కనబడక 1727లో విడిచి, 1731లో తిరిగి వచ్చినారు. వారికి కూతవేటు దూరములోనే ఇంజరంలో ఆంగ్లేయుల కొట్టు ఉండేది. నీలపల్లి, బండమూరులంకలలో కూడ ఆంగ్లేయులే. ద్రాక్షారామము, పాలకొల్లు, కాకినాడ పక్కనున్న జగన్నాథపురములలో డచ్చివారు. నరసాపురము వద్ద మాధవాయపాలెములో మరల ఆంగ్లేయులు. ఆ మాధవాయపాలెము పేరే ఆంగ్లేయుల నోట మడపొల్లం అయి, ఒక రకపు తెల్ల బట్ట పేరుగా వారి నిఘంటువులకు ఎక్కినది. ఇన్ని జెండాలు ఇంత దగ్గరగా నిలిచినది మన మగ్గముల చుట్టూనే.

ఆనాటి బేరము ఎట్లు సాగేదో మనవారికి వేరే చెప్పనక్కరలేదు. కంపెనీ వర్తకునికి సొమ్ము ఇచ్చును, వర్తకుడు నేతవానికి బయానా ఇచ్చును, నేతవాడు గడువునకు బట్ట ఇయ్యవలెను. ఉత్తర సర్కారులలో బట్ట నాణెమును పుంజములతో లెక్కించేవారు. పుంజమనగా 120 పడుగు పోగులు. 20 పుంజముల బట్ట అన్నచో పడుగులో 2,400 పోగులన్న మాట. వెడల్పు మారకుండ పుంజములు పెరిగిన కొలది బట్ట సన్నమగును. ఇంజరం సన్న బట్టలకు పెట్టినది పేరు. కొట్టులో దొర ముందు తాను విప్పి, పోగులు ఎంచి, తక్కువ వచ్చిన బట్టను పక్కకు త్రోసేవారు. పక్కకు త్రోసిన తాను నష్టము నేతవానిదే. చేతిలో బయానా ఉన్నవానికి వేరొకరికి అమ్ముకొను స్వేచ్ఛ లేదు. నేడు మాస్టర్ వీవరు కింద నేయు సోదరునికి ఈ కథ పాతదిగా తోచదు.

అయినను ఇద్దరు కొనుగోలుదారులు పక్కపక్కన ఉండుట నేతవానికి కొంత మేలే. ఒకడు ధర బిగించినచో ఇంకొకని పేరు చెప్పవచ్చును. ఆ పోటీ తుదకు యుద్ధముగా మారినది. 1757లో బుస్సీ ఇంజరమును పట్టుకొన్నాడు. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచివారు ఓడినారు. అటు పిమ్మట యానాం పలుమార్లు ఆంగ్లేయుల చేతికి పోయి, సంధి జరిగిన ప్రతిసారీ తిరిగి ఫ్రెంచివారికి వచ్చినది. 1814 నాటి పారిస్ సంధి ప్రకారము 1817లో చివరిసారిగా వారి వశమైనది.

మగ్గము చప్పుడు తగ్గిన కాలము

తిరిగి వచ్చిన యానాం పాత యానాం కాదు. 1813లో ఆంగ్ల కంపెనీకి ఇండియా వర్తకము మీద ఉన్న గుత్త హక్కు పోయినది. 1833 శాసనముతో కంపెనీ వర్తకమే మానివేసినది. అదే కాలములో లాంకషైరు మరబట్ట ఓడలకెత్తి మన రేవులలో దిగినది. కొనువాడు పోయినాడు, పోటీవాడు వచ్చినాడు. 1833 నాటి నందన కరవు ఆ దెబ్బ మీద గొడ్డలిపెట్టు. 1839 నవంబరు తుఫాను కోరింగ రేవును తుడిచిపెట్టి యానామును ముంచినది.

బట్ట ఎక్కవలసిన ఓడలలో మనుష్యులు ఎక్కినారు. ఫ్రెంచివారి ఏలుబడిలోని రెయూనియన్ ద్వీపపు చెరకు తోటలకు 1828, 1829లలో పోయిన మొదటి కూలీలు యానాం రేవు నుండి పోయిన తెలుగువారే. మారిషస్సులో, బర్మాలో తెలుగువారికి కొరంగివారని పేరు వచ్చినది పక్కనున్న కోరింగ రేవు వలననే.

ఆ తరువాత యానాం బ్రతికినది ఎల్లల వలన. ఆంగ్లేయుల సీమలో లేని సరుకు ఇక్కడ దొరికేది, అక్కడి చట్టము ఇక్కడ చెల్లేది కాదు. మంగళవారపు సంతకు చుట్టుపట్ల ఊళ్ల వారు విదేశీ సరుకుల కొరకు వచ్చేవారు. 1929లో శారదా చట్టము వచ్చి బాల్యవివాహములను నిషేధించగా, అది చెల్లని యానామునకు పిల్లలను తీసికొని వచ్చి పెండ్లిండ్లు చేసిన కుటుంబములెన్నో. అందుకే ఈ ఊరికి కల్యాణపురమను పేరు కూడ వచ్చినది. ఇది గొప్పగా చెప్పుకొను పేరు కాదు. ఎల్ల దాటిన చోట చట్టము ఆగిపోవునన్న సంగతికి అది గుర్తు.

ముందుగా వచ్చిన పురపాలకము

ఎల్లల వలన యానామునకు ఒక మేలును కలిగినది. 1880 మార్చి 12వ తేదీ శాసనము ద్వారా ఫ్రెంచి ప్రభుత్వము ఇండియాలోని తన ప్రాంతములలో పురపాలక సంఘములను ఏర్పరచినది. యానామునకు ఎన్నికైన సంఘము, దానికి మేయరు వచ్చినారు. ఆంగ్లేయుల వైపు స్థానిక స్వపరిపాలనపై రిప్పన్ ప్రభువు తీర్మానము వచ్చినది 1882లో. మద్రాసు రాజధానిలో మునిసిపాలిటీల చట్టము, లోకల్ బోర్డుల చట్టము వచ్చినవి 1884లో. పైగా ఆంగ్లేయుల సీమలో పన్ను కట్టువారికే వోటు. యానాములో వయసు వచ్చిన ప్రతి మగవానికీ వోటు ఉండేది. యూరపియనులకు ఒక జాబితా, భారతీయులకు ఇంకొక జాబితా పెట్టి ఆ వోటు విలువను తగ్గించిన మాట నిజము. ఫ్రెంచి ఇండియా ఎన్నికలలో దౌర్జన్యములు, దొంగ వోట్లు జరిగిన మాటయు నిజము. అయినను మా వీధి సంగతి చూడుటకు మేము ఎన్నుకొన్న మనిషి ఉండవలెనన్న భావము ఇక్కడి పల్లెకారులకు, రైతులకు తాతల నాడే తెలుసు.

1947లో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినను యానాం ఫ్రెంచి జెండా కిందనే ఉన్నది. 1954 జూన్ 13వ తేదీన దడాల రఫేల్ రమణయ్య నాయకత్వమున స్వాతంత్ర్య సమరయోధులు యానామును ఆక్రమించి భారత జెండా ఎత్తినారు. అక్టోబరు 18వ తేదీన పుదుచ్చేరి వద్ద కీళూరులో భవిష్యత్తు నిర్ణయించుటకు వోటింగు జరిగినది. వోటు చేసిన 178 మందిలో 170 మంది భారతదేశములో కలియుటకు అనుకూలము, 8 మంది ప్రతికూలము. ఆ వోటు వేసినవారు శాసన ప్రతినిధులు, పురపాలక సభ్యులు. వీధి దీపము, మురుగు కాలువ చూచుకొనుటకు ఎన్నికైన మనుష్యులే దేశపు ఎల్లను గూర్చి తీర్పు చెప్పినారు. పురపాలక సభ్యత్వము చిన్న పదవి అనుకొనువారు ఈ సంగతి జ్ఞాపకము ఉంచుకొనవలెను.

1954 నవంబరు 1న పరిపాలన భారత ప్రభుత్వమునకు చేరినది. 1956 మే 28న ఒడంబడిక కుదిరి, 1962 ఆగస్టు 16న చట్టరీత్యా విలీనము పూర్తియైనది. 1963లో పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం కలిపి ఒక కేంద్రపాలిత ప్రాంతమైనది. ముప్పది మంది ఎన్నికైన సభ్యుల శాసనసభలో యానామునకు ఒక స్థానము. 1965 నాటి భాషా చట్టము యానాములో ప్రభుత్వ వ్యవహారములకు తెలుగును ఒప్పుకొన్నది.

ఖాళీగా ఉన్న కుర్చీలు

ఇక బాధ పడవలసిన భాగము. 1968లో యానాములో పురపాలక ఎన్నికలు జరిగినవి. అప్పటికి ఇంకను 1880 నాటి ఫ్రెంచి శాసనమే అమలులో ఉన్నది. 1973లో పుదుచ్చేరి పురపాలక చట్టము చేసి, 1974 జనవరి 26 నుండి అమలుపరచినారు. చట్టము కొత్తది వచ్చినది గాని, దాని కింద ఎన్నిక రాలేదు. 1968లో ఎన్నికైనవారి కాలము తీరిన పిమ్మట అధికారుల చేతికి పాలన పోయినది. 1993 జూన్ 1న అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పురపాలక సంఘము గడువు 5 ఏండ్లని, గడువు తీరక ముందే ఎన్నిక జరుపవలెనని చెప్పినది. అయినను జరుగలేదు. న్యాయస్థానము జోక్యము చేసికొన్న పిమ్మట 2006లో ఎన్నికలు జరిగినవి. అనగా 38 ఏండ్ల తరువాత. 1968లో పుట్టిన బిడ్డ తన ఊరి పురపాలక ఎన్నికలో మొదటిసారి వోటు వేయునప్పటికి తల నెరయుట మొదలైనది.

ఆ సంఘము గడువు 2011లో ముగిసినది. తరువాత మరల అధికారుల పాలన. 2021లో ఎన్నికల ప్రకటన వెలువడినను, రిజర్వేషన్ల వివాదము న్యాయస్థానమునకు చేరి అవి ఆగిపోయినవి. 2024 ముగియునాటికి కూడ జరుగలేదు. 1968 నుండి లెక్కించితే అర్ధశతాబ్దికి పైన కాలములో యానాం వోటరు తన పురపాలక సంఘమును ఎన్నుకొన్నది రెండుమార్లే.

ఇందులో ఇంకొక చిక్కు కలదు. పుదుచ్చేరి, కారైకాల్ ప్రాంతములలో పట్టణములకు పురపాలక సంఘములు, పల్లెలకు కొమ్యూన్ పంచాయతీలు వేరుగా ఉన్నవి. యానాములో పంచాయతీ లేదు. వరి చేలు, బెస్త పల్లెలు, లంకలు, అన్నీ ఒక్క పురపాలకము కిందనే. పేరుకు పట్టణము, రూపమునకు పల్లెల గుంపు. ఆ ఒక్క సంఘము లేనప్పుడు దరియాలతిప్ప పల్లెకారునికి గాని, మెట్టకూరు రైతునకు గాని కింది మెట్టు అనునదే లేదు. ఒక శాసనసభ్యుడు, ఒక అధికారి, అంతే. ఆ పైన 870 కిలోమీటర్ల దూరములో రాజధాని.

అధికారులు పని చేయరని మా అభిప్రాయము కాదు. యానాములో రోడ్లు, బడులు, ఆసుపత్రి, ఏటిగట్టు పనులు జరుగుచునే ఉన్నవి. అయితే అధికారి బదిలీ అయి పోవును. వార్డు సభ్యుడు పోడు. అతని ఇల్లు ఆ వీధిలోనే ఉండును. వరద నీరు అతని గడపలోనికి కూడ వచ్చును.

నేతవానికి ఇందులో ఏమి పని

మనకేమి అని అడుగువారు ఉండవచ్చును. మన వృత్తి ఇంటిలో సగము, వీధిలో సగము. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు చాపి గంజి పెట్టువారికి ఆ వీధి వెడల్పు, శుభ్రము ఎంత ముఖ్యమో తెలియును. అడ్డముగా ఒక స్తంభము పాతినచో, మురుగు పొంగినచో ఆ పూట పని పోయినట్లే. గుంట మగ్గము ఉన్న ఇంటి ముందు రోడ్డు ఎత్తు పెంచి, కాలువ మాత్రము తీయకున్నచో వాన నీరు గుంటలోనికే చేరును. పడుగు కుళ్లును, పలకలు ఉబ్బును, నెలరోజుల కూలి పోవును. మగ్గమున్న ఇంటిని నివాసముగా లెక్కించి పన్ను వేయుదురా, కార్ఖానాగా లెక్కించి వేయుదురా? సంత రోజున బట్టల మూటతో కూర్చొనుటకు చోటు ఇత్తురా, ఇయ్యరా? వరద తరువాత నష్టపు జాబితా వ్రాయునప్పుడు తడిసిన పడుగును నష్టముగా వ్రాయుదురా? ఇవన్నియు ఢిల్లీలో తేలవు. మన వార్డులో తేలవలసినవి.

మన సహకార సంఘములనే చూడుడు. పాలకవర్గము గడువు తీరి, ఎన్నికలు వాయిదా పడి, పర్సన్ ఇన్‌చార్జి చేతిలో సంఘము నడచిన కాలము ఎన్నో ఊళ్ల సోదరులకు అనుభవమే. నూలు రావచ్చును, లెక్కలు సరిగానే ఉండవచ్చును. కాని సర్వసభ్య సమావేశములో లేచి, ఈ నూలు తెగుచున్నది, ఎవరు కొన్నారు అని అడుగుటకు ఎదుట మనిషి ఉండడు. అడుగు అలవాటు మెల్లగా పోవును. అడుగు అలవాటు పోయిన తరువాత ఎన్నికలు వచ్చినను పాత సంఘము తిరిగి రాదు. యానాములో జరిగినది కొంచెము పెద్ద కొలతలో అదే.

మరియొక సంగతి. ఈ తీరమున చేనేత ఇంకను చావలేదు. యానామునకు ఈశాన్యముగా ఉన్న ఉప్పాడలో జాంధానీ చీరలు నేస్తున్నారు, వాటికి భౌగోళిక గుర్తింపు కూడ ఉన్నది. ఏటికావల బండారులంకలో మగ్గములున్నవి. మూడు వందల ఏండ్ల క్రిందట ఓడలను రప్పించిన చేతుల సంతతి వారు ఈ చుట్టుపక్కలనే ఉన్నారు. కంపెనీలు వచ్చినవి, పోయినవి. జెండాలు మారినవి. బయానా ఇచ్చువాని పేరు మారినది. మారనిది, నేతవాని మాట వినుటకు దగ్గరలో ఎవరో ఒకరు ఉండవలెనన్న అవసరము.

కావున పరరాష్ట్రములలో ఉన్న మన సంఘముల శాఖలకు మా మనవి. మీ ఊరి పురపాలక సంఘము గాని, పట్టణ పంచాయతీ గాని, గ్రామ పంచాయతీ గాని, దాని గడువు ఎప్పుడు తీరునో కనుగొని శాఖ పుస్తకములో వ్రాసి ఉంచుడు. మన వీధుల వారి పేర్లు వోటర్ల జాబితాలో ఉన్నవో లేవో గడువుకు ముందే చూడుడు. ఎన్నిక వాయిదా పడినచో, ఎందులకు పడినదో వ్రాతమూలముగా అడుగుడు. భాష వేరైనను, మనము అక్కడ తక్కువ మందిమైనను, వార్డులో వోటు అందరికీ ఒకటే.

యానాం సోదరులు తమ పురపాలక సంఘమును మరల ఎన్నుకొను రోజు త్వరలో రావలెనని కోరుచున్నాము. వచ్చిననాడు ఆ వార్తను ఈ పత్రికలోనే సంతోషముతో ప్రకటించగలము.